ఎవరూ తెరవని ఈమెయిల్‌కు ఏడువారాల నగలు

అమెరికాలో మీ ఊరి తెలుగు సంఘం ఉగాది ఆహ్వానాన్ని ఈమెయిల్లో పంపాలనుకుంది. కార్యవర్గంలో కంప్యూటర్ తెలిసిన మనిషి మీరేనని టెంప్లేటు పని మీ నెత్తిన పెట్టారు. కంగారు పడకండి. పోయినేడు మా సంఘానికి ఆ పని చేసింది నేనే. నా దారినే రండి.

ముందు ఇంట్లో అన్నిటికన్నా పెద్ద మానిటర్ ముందు కూర్చోండి. ఈమెయిల్ వెడల్పు 600 పిక్సెళ్లు దాటకూడదని చాదస్తులు చెబుతారు. వినకండి. అంత ఇరుకులో మామిడి తోరణం ఎక్కడ కట్టను? ఫోనులో చదివేవాళ్లు అటూ ఇటూ జరుపుకుంటారు, వేళ్లకు వ్యాయామం.

మీరు ముచ్చటపడి ఎంచుకున్న తెలుగు ఫాంటు జీమెయిల్లో రాదు. అవతలివాళ్ల ఫోనులో ఏది ఉంటే అదే కనిపిస్తుంది. కాబట్టి తేదీ, టైము, హాలు అడ్రసు, పంచాంగ శ్రవణం అన్నీ కలిపి ఒకే బొమ్మగా చేసి అతికించెయ్యండి. ఔట్‌లుక్ చాలాచోట్ల బొమ్మల్ని తనంతట తాను చూపించదు, నొక్కితేనే దించుతుంది. అప్పటిదాకా ఆ ఖాళీ డబ్బాలో కనిపించడానికి ఆల్ట్ టెక్స్ట్ అని ఒకటి రాయొచ్చు. నేను రాయలేదు, ఫైలు పేరే వదిలేశాను. సగం ఊరికి మా ఆహ్వానం ‘ఉగాది ఫైనల్ కొత్త ఫైనల్ 3’ అని చేరింది.

ఇక అమరిక. వెబ్‌సైటుకి రాసినట్టే ఫ్లెక్స్, గ్రిడ్ దట్టించండి. విండోస్ ఔట్‌లుక్ 2007లో బ్రౌజర్ ఇంజన్ని వదిలేసి, ఈమెయిల్ చూపించే పనిని మైక్రోసాఫ్ట్ వర్డ్‌కి అప్పజెప్పింది. ఆ పాత ఔట్‌లుక్ ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది. అందులో మీ గుండ్రంచుల బటన్ ఇటుకలా మారుతుంది. వెనకాల పరిచిన ముగ్గు బొమ్మ ఎగిరిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు ఇప్పటికీ టేబుల్లో టేబుల్, దాని కడుపులో ఇంకో టేబుల్ పెట్టి, ప్రతి గడికీ విడిగా స్టైలు రాసుకుంటారు. మీకేం ఖర్మ?

అధ్యక్షుల సందేశాన్ని వర్డ్ నుంచి ఉన్నదున్నట్టు తెచ్చి అతికించండి. దాంతోపాటు కంటికి కనబడని చెత్త బస్తాలకొద్దీ దిగుతుంది. కోడ్ 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించేస్తుంది. మనకు ఇందులోనూ ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, యూటీఎఫ్-8లో తెలుగు ‘అ’కు 3 కావాలి. ‘అ’ని అంకెల సంకేతంగా మార్చే ఎడిటర్ దొరికితే ఏకంగా 7. దాతల పేర్లు ముందు పెడితే కార్యక్రమ వివరాలు కత్తెర కిందికే పోతాయి. దాతలెవరూ నొచ్చుకోరు.

లోగో నల్లగా, వెనక రంగు లేకుండా పెట్టండి. డార్క్ మోడ్‌లో చీకట్లో నల్లపిల్లి.

అన్‌సబ్‌స్క్రైబ్ లింకు తెల్లకాగితం మీద లేత బూడిద రంగులో, చీమ తలకాయంత ఉండాలి. అది దొరకనివాళ్లు స్పామ్ బటన్ నొక్కుతారు, అది మాత్రం పెద్దగానే ఉంటుంది. రోజుకు 5,000 ఈమెయిళ్లు దాటి పంపేవాళ్లు ఒక్క నొక్కుతో వదిలించుకునే వీలు ఇవ్వాలని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధన పెట్టింది. మనది చిన్న సంఘం, మర్యాద కోసం ఆ పని చేస్తామా?

పరీక్షగా మీకు మీరే ఒకటి పంపుకోండి. అదే మానిటర్లో చూసుకుని మురిసిపోండి.

పోయినేడు పండుగ ముందురోజు రాత్రి ఒక పెద్దావిడ నాకు ఫోన్ చేశారు. ‘‘బాబూ, ఈమెయిల్ చాలా బాగుందని అందరూ అంటున్నారు. ఇంతకీ రేపు ఎక్కడ?’’ మా కోశాధికారి వాట్సాప్‌లో రెండు లైన్లు కొట్టాడు: హైస్కూలు హాలు, పదింటికి. పులిహోర ఉంది. హాలు నిండిపోయింది.

దసరాకీ నా టెంప్లేటే వాడాం. తోరణం తీసేసి జమ్మిచెట్టు పెట్టాను.