సున్నాకు సాష్టాంగం

అమెరికా బేస్‌బాల్‌లో 2987 హిట్లు కొట్టినవాడు మంచి ఆటగాడు. 3000 కొట్టినవాడు దేవుడు. నడుమ ఉన్న ఆ పదమూడింటిలో మహిమేమిటని అడక్కండి, కళ్లు పోతాయి. శామ్ రైస్ అనే అమాయకుడు 1934లో సరిగ్గా 2987 దగ్గర బ్యాటు దించి ఇంటికెళ్లిపోయాడు. ఇవాళైతే పోనిచ్చేవారా? మోకాళ్లు అరిగినా, బంతి ఆనకపోయినా, భుజాలు పట్టి నిలబెట్టేవారు. టికెట్లు అమ్ముకోవద్దూ!

డెట్రాయిట్ జనం భక్తి చూడండి. 2022 ఏప్రిల్ 21. సొంత మైదానంలో మిగెల్ కబ్రేరా. వయసు 39, హిట్లు 2999. ఆ రోజు అప్పటికి మూడుసార్లు బ్యాటు పట్టి మూడుసార్లూ ఉత్త చేతులతో వెనుదిరిగాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు రన్నర్లు బేసుల మీదుండగా మళ్లీ వచ్చాడు. ప్రత్యర్థి యాంకీస్ మేనేజర్ ఆరన్ బూన్ ఒక్క బంతీ వేయించకుండా అతన్ని ఫస్ట్ బేస్‌కు సాగనంపాడు. ఆటలో అది మామూలు ఎత్తుగడే. స్టేడియం మాత్రం రంకెలేసింది. తర్వాత వచ్చిన ఆస్టిన్ మెడోస్ డబుల్ కొట్టాడు, రెండు పరుగులొచ్చాయి, డెట్రాయిట్ 3-0తో గెలిచింది. అయితేనేం? పెళ్లి నిక్షేపంలా జరిగినా విస్తట్లో అప్పడం పడలేదని అలిగే మగపెళ్లివారిలా మూతి ముడుచుకున్నారు జనం. రెండ్రోజులకు ఆ ఒక్క హిట్టూ పడింది. హమ్మయ్య, మనిషి పనికొచ్చాడు!

హ్యాంక్ ఆరన్ కథలో ఇంత నవ్వు లేదు. 1973 సీజన్ 713 హోమ్ రన్ల దగ్గర ముగిసింది. బేబ్ రూత్ 714కు ఒక్కటే తక్కువ. తెల్లవాడి రికార్డును నల్లవాడు దాటడమేమిటని ఆ చలికాలమంతా చంపుతామంటూ ఉత్తరాలు. సొంత జట్టు బ్రేవ్స్‌దేమో గల్లాపెట్టె గోల: సిన్సినాటిలో మొదటి మ్యాచ్‌లకు అతన్ని కూర్చోబెట్టి, ఆ వేడుకేదో తమ ఊరు అట్లాంటాలో చేసుకుందామని. చివరికి కమిషనర్ బౌయీ కూన్ ఆజ్ఞాపిస్తేగానీ ఆటగాణ్ని ఆడించలేదు. 1974 ఏప్రిల్ 8న 715 కొట్టి ఊపిరి పీల్చుకున్నాడు పాపం.

ఇక మైలురాయికి ముందే ధర కట్టిన ఘనులు యాంకీస్. ఒక్కో చారిత్రక హోమ్ రన్‌కూ 60 లక్షల డాలర్లని అలెక్స్ రోడ్రిగెజ్‌తో ఒప్పందం రాసుకున్నారు. నడుమ అతను మత్తుమందు కాదుగానీ సత్తువమందు కేసులో చిక్కి, 2014 అంతా సస్పెన్షన్‌లో గడిపాడు. 2015లో 660 కొట్టి విల్లీ మేస్ సరసన చేరితే, ఇది అమ్ముడుపోని చరిత్ర, డబ్బివ్వం పొమ్మన్నారు. చివరికి 35 లక్షలు దానధర్మాలకిచ్చి చేతులు దులుపుకున్నారు. చరిత్రకూ బేరముంటుందని అలా తేలింది.

ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ 493 హోమ్ రన్ల దగ్గర ఆగాడు. 1994 సమ్మె సీజన్‌ను నడుమనే తుంచెయ్యకపోతే 500 దాటేవాడేమో. హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఓట్లేసే పత్రికా రచయితలు పదేళ్లూ అతన్ని గడప తొక్కనివ్వలేదు. ఏడు తక్కువ మరి!

అమెరికావాళ్ల పిచ్చి అని నవ్వుకుంటున్నారా? సచిన్ నూరో సెంచరీ కోసం ఏడాది పైగా ఆయన ప్రాణం తోడేసింది మనమే. 2012 మార్చి 16న మీర్పూర్‌లో అది కొట్టాడని మీకందరికీ గుర్తే. ఆ మ్యాచ్‌లో బంగ్లాదేశ్ చేతిలో మనం ఓడిపోయాం.