రూటర్ కొనకండి, వేగం తగ్గించండి

గూడూరులో ఇంటికో, నిమ్మకాయల కొట్టుకో, ట్యూషన్ సెంటరుకో ఇంటర్నెట్ పెట్టించుకునేవాళ్ళకు ఈ సలహాలు. వినగానే తప్పుగా తోస్తాయి, బజారులో చెప్పేదానికి ఎదురుగా ఉంటాయి. అయినా ప్రతిదానికీ కారణం ఉంది, చేసి చూస్తే ఫలితం కనబడుతుంది.

1. కొత్త రూటర్ కొనకండి

అటక మీద పడేసిన పాత కంప్యూటర్‌ను దించండి. బయటి లైను ఒకవైపు, ఇంటి లైను మరోవైపు పెట్టుకుని ఏ డేటా ప్యాకెట్ ఎటు పోవాలో చూసి పంపడమే రూటర్ పని. దానికి ఒక ప్రాసెసర్, కాస్త మెమరీ, రెండు నెట్‌వర్క్ పోర్టులు చాలు. 1969లో ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్‌ను కలిపిన యంత్రాలు హనీవెల్ 516 మినీ కంప్యూటర్లే. 1986లో అమెరికాలో ఎన్ఎస్ఎఫ్‌నెట్ అనే నెట్‌వర్క్ మొదలైనప్పుడు కూడా డేవిడ్ మిల్స్ రాసిన ఫజ్‌బాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన చిన్న కంప్యూటర్లే దాన్ని నడిపాయి. అప్పటి లైను వేగం సెకనుకు 56 కిలోబిట్లు. ఇవాళ మూలన పడున్న డ్యూయల్ కోర్ డెస్క్‌టాప్, 2 జీబీ ర్యామ్‌తోనే 100 ఎంబీపీఎస్ లైనును తేలిగ్గా మోస్తుంది.

అసలు లాభం భద్రతలో ఉంది. చవక రూటర్‌కు కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే అందులోని లోపాలు అలాగే ఉండిపోతాయి. కంప్యూటర్‌లో అయితే 2004 నుంచి వస్తున్న ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ గానీ, 2015లో వచ్చిన ఓపీఎన్‌సెన్స్ గానీ, ఏదో ఒక రూటర్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఎక్కించుకోవచ్చు. అప్‌డేట్ ఎప్పుడు చేయాలో మీరే నిర్ణయించుకుంటారు. యంత్రం పాతదైతే మొదటిది తీసుకోండి. రెండోదానికి 64 బిట్ ప్రాసెసర్ తప్పనిసరి, మెమరీ కూడా ఎక్కువ కావాలి.

2. ఆపరేటరు ఇచ్చిన పెట్టెకు పని తగ్గించండి

ఫైబర్‌లో వచ్చే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె ఎలాగూ ఉండాలి, ఆ పని మీ కంప్యూటర్ చేయలేదు. మిగతా పనులన్నీ దాని నుంచి తీసేయండి. కేబుల్ ఆపరేటరును అడిగి బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకోండి. పీపీపీఓఈ యూజర్ పేరు, పాస్‌వర్డ్ రాయించుకుని కంప్యూటర్‌లో ఇవ్వండి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి ఇచ్చింది. మీ ఇంట్లో కూడా టీవీ అదే పెట్టె మీద వస్తుంటే, టీవీ చెడకుండా ఇంటర్నెట్ ఒక్కటే బ్రిడ్జ్ చేయమని ముందే చెప్పండి.

ఆపరేటరు ఒప్పుకోకపోయినా పని ఆగదు. కానీ ఆ పెట్టె 192.168.1.1 అనే అడ్రసు వాడుతుంటే జాగ్రత్త. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కూడా మొదట అదే తీసుకుంటుంది, రెండూ తగవు పడతాయి. మీ కంప్యూటర్‌కు 192.168.50.1 ఇవ్వండి.

3. కంప్యూటర్‌లో వైఫై కార్డు పెట్టకండి

మీ పాత వైఫై రూటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా వాడండి. అందులో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేయండి. దానికి 192.168.50.2 లాంటి వేరే అడ్రసు ఇవ్వండి. కంప్యూటర్ నుంచి వచ్చే తీగను దాని వ్యాన్ పోర్టులో కాక లాన్ పోర్టులో గుచ్చండి. కంప్యూటర్ ఏ మూలనున్నా, వైఫై పెట్టె ఇంటి నడుమ ఉంటుంది.

4. వేగం తగ్గించండి

ఇది అందరూ కొట్టిపారేసే సలహా, అన్నిటికన్నా మేలు చేసేది కూడా ఇదే. ఇంట్లో ఒకరు పెళ్ళి వీడియోలు అప్‌లోడ్ చేస్తుంటే మరొకరి వీడియో కాల్ ముక్కలైపోతుంది. లైను నిండినప్పుడు ప్యాకెట్లు మీ చేతిలో లేని చోట, ఆపరేటరు పెట్టెల్లో, బారులు తీరడమే అందుకు కారణం. సరుకంతా ఒకేసారి తోలి నిమ్మ మార్కెట్ గేటు ముందు బండ్లు నిలబెట్టుకునే కన్నా, తోటలోనే ఆపి వరుసగా పంపుకోవడం మేలు కదా.

100 ఎంబీపీఎస్ లైనైతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో బారును అదుపుచేసే ఎస్‌క్యూఎం ప్యాకేజీ ఎక్కించి, రెండు వైపులా 90 దగ్గర కట్టేయండి. బారు ఇక మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, అక్కడ కాల్ ప్యాకెట్లకు దారి దొరుకుతుంది. 2012లో క్యాథలీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ ప్రకటించిన కోడెల్ పద్ధతి దీనికి పునాది. దాని మీద కట్టిన కేక్ 2018లో లినక్స్‌లో చేరింది. ఊరికే ఉన్నప్పుడు ఒకసారి, పెద్ద ఫైలు ఎక్కుతున్నప్పుడు ఒకసారి పింగ్ కొట్టి అంకెలు రాసుకోండి. ఎస్‌క్యూఎం పెట్టాక మళ్ళీ కొట్టి పోల్చండి.

5. మానిటర్, కీబోర్డు పీకేయండి

ఒకసారి సెట్ చేశాక అన్నీ బ్రౌజర్ నుంచే చేయొచ్చు. పీకే ముందు బయాస్‌లోకి వెళ్ళి రెండు మార్పులు చేయండి. కరెంటు వచ్చిన వెంటనే యంత్రం తనంతట తాను ఆన్ కావాలి. కీబోర్డు లేదని ఆగిపోకూడదు. ఇవి చేయకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరో వెళ్ళి బటన్ నొక్కాలి.

6. శక్తిమంతమైన యంత్రం వద్దు

50 వాట్లు తినే డెస్క్‌టాప్ రాత్రింబవళ్ళు నడిస్తే నెలకు 36 యూనిట్లు కాలుతుంది. 10 వాట్ల చిన్న యంత్రానికైతే 7 యూనిట్లకు కాస్త పైన. అందుకే పాత మినీ పీసీ గానీ, తెర పగిలిన ల్యాప్‌టాప్ గానీ వెతకండి. ల్యాప్‌టాప్‌కు ఒకే లాన్ పోర్టు ఉంటే యూఎస్‌బీ అడాప్టరుతో రెండోది వస్తుంది. బ్యాటరీ బాగుంటే అదే యూపీఎస్. ఉబ్బిన బ్యాటరీని మాత్రం వెంటనే తీసేయండి. 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ లాంటి తుపాను సమయంలో కబురు అందాలంటే ఫైబర్ పెట్టెను, వైఫై పెట్టెను కూడా ఇన్వర్టర్ మీదే ఉంచాలి.

7. ఎవరిచేతా చేయించకండి

మీరే చేయండి, ఇంట్లో మరొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. తెలిసినవారి చేత చేయిస్తే, ఆ మనిషి ఊళ్ళో లేనిరోజు రూటర్ మీకు మూసిన పెట్టే. అడ్రసులు, పాస్‌వర్డులు, ఏ తీగ ఏ పోర్టులోదో తెలుగులో నోటుబుక్కులో రాయండి. సెట్టింగుల బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో దాచండి. ఏదీ మార్చకముందే పాత సెట్టింగుల ఫొటోలు తీసుకుని ఆదివారం ఉదయం మొదలుపెట్టండి. మధ్యలో చిక్కుబడితే పాత అమరికకు వెళ్ళిపోవచ్చు, పిల్లల చదువు ఆగదు.