ఉద్దానం వచ్చే పరిశోధకులకు తలకిందుల సలహాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు మీద కలిసి పనిచేయాలనుకునే బయోకెమిస్ట్రీ, బయో ఇంజినీరింగ్ వాళ్లకి ఈ సలహాలు తప్పుగా కనిపిస్తాయి. మీ గైడ్ కూడా ఒప్పుకోకపోవచ్చు. అయినా పాటించండి.

తక్కువమందిని పరీక్షించండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో వేలమందికి ఒక్కసారి సూది గుచ్చి వెళ్లిపోవడం కన్నా, కొద్దిమందికి రెండుసార్లు గుచ్చడం మేలు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని తేల్చాలంటే లోపం కనీసం 3 నెలలు నిలిచి ఉండాలి. వేసవిలో జీడితోటలో పొద్దంతా పనిచేసి, చాలినన్ని నీళ్లు తాగకుండా వచ్చిన మనిషికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే కొలత) ఆ పూటకి పెరిగి, తర్వాత తగ్గిపోవచ్చు. రెండోసారి చూడకుండా అతన్ని రోగుల జాబితాలో రాస్తే, ఆ ఇంట్లో పిల్ల పెళ్లి మాటలు కూడా ఆగిపోతాయి.

డబ్బు దండగ చేయండి. ఒకే రక్తాన్ని రెండు సీసాల్లో పోసి ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఒకటి, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఒకటి ఇచ్చి క్రియాటినిన్ కొలవండి. పిక్రిక్ ఆమ్లం కలిపి, తేలిన నారింజ ఎరుపు రంగును బట్టి లెక్కగట్టే జాఫే పద్ధతి చవకే. కానీ రక్తంలోని గ్లూకోజు, ప్రొటీన్లు కూడా ఆ రంగుకి తోడవుతాయి. ఎంజైము పద్ధతి ఖరీదెక్కువ, నిక్కచ్చితనమూ ఎక్కువే. రెండుచోట్లా అంకె కలవకపోతే ముందు ఆ తేడా సంగతి తేల్చండి. అది తేలకుండా రెండు ఊళ్ల లెక్కల్ని కలిపి చూడటం శుద్ధ తప్పు.

ఇంజినీర్లూ, మొదటి ఏడాది ఏ పరికరమూ చేయకండి. మూత్రంలో ప్రొటీన్ పట్టే స్ట్రిప్ చేద్దామని అందరికీ మొదట తోస్తుంది. ఈ జబ్బులో మొదటి దశల్లో ప్రొటీన్ అంతగా పోదు. ఏ లోపమూ లేదని ఆ స్ట్రిప్ చెప్పిన మనిషికి లోపల జబ్బు ముదురుతూ ఉండొచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని కూల్చి, రోజుల తరబడి కరెంటు లేకుండా చేసిన నేల ఇది. ఏసీ గది కావాలనే యంత్రం ఇక్కడెందుకు? విజయనగరం గురజాడ జేఎన్‌టీయూ విద్యార్థులైనా సరే, ముందు పలాస ఆసుపత్రిలో డయాలసిస్ పడకల పక్కన కూర్చోండి.

కారణం కనిపెట్టామని ప్రకటించకండి. సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండ, వంశం అన్నింటి మీదా అనుమానాలున్నాయి. ఏ ఒక్కటీ రుజువు కాలేదు. శ్రీలంక వరి రైతుల్లోనూ, నికరాగువా చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా వాదన తెగలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి మొదలైంది, హిరమండలం జలాశయం నుంచి తాగునీళ్లూ వచ్చాయి. నీళ్లు మారాక జబ్బు తగ్గుతుందో లేదో చూడటానికి ఏళ్లు పడుతుంది. అందాకా నమూనాల్ని దాచండి, పోటీ బృందానికీ పంచండి.

జర్నల్‌కి పంపేముందు, రక్తం ఇచ్చిన ప్రతి ఇంటికీ వాళ్ల ఫలితం తెలుగులో రాసి ఇచ్చి రండి.