అపాయింట్‌మెంట్ లేని జనాభా లెక్క

హైదరాబాదు శివారు కోకాపేటలో నేల లెక్క ఎవరినడిగినా చెబుతారు. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వారు నియోపొలిస్ ప్లాట్లు వేలం వేస్తే ఒక బిట్టుకి ఎకరం 100.75 కోట్లు పలికింది. గజం 2 లక్షల పైచిలుకన్నమాట. గజాలు తెలుసు, చదరపు అడుగులు తెలుసు, ఫ్లాటుకి ఎన్ని కార్లు పడతాయో తెలుసు. ఆ ఫ్లాట్లలో మనుషులెందరో మాత్రం సర్కారు వారికి తెలీదు. దేశం ఆఖరుసారి తలలు లెక్కపెట్టుకున్నది 2011లో. 2021లో జరగాల్సింది కరోనాతో ఆగి, వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2027 మార్చి 1 దగ్గర తేలింది. ఈలోగా కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ ఆకాశంలోకి పోయాయి. కాగితాల్లో ఇంకా నేల మీదే ఉన్నాయి.

ఆదాయం సంగతి మరీ ముచ్చట. తలసరి ఆదాయంలో రాష్ట్రానికంతటికీ కోకాపేట ఉన్న రంగారెడ్డి జిల్లాదే మొదటి స్థానం. జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువ కట్టి, దాన్ని జనాభాతో భాగిస్తారు. శేరిలింగంపల్లి మండలం ఈ జిల్లాలోనే ఉంది కనక గచ్చిబౌలి అద్దాల మేడల్లో పుట్టిన సంపదంతా జిల్లా ఖాతాలో పడుతుంది. దాన్ని తలా ఇంత అని పంచితే అదే జిల్లా మాడ్గులలో బోరు ఎండిపోయిన రైతు కూడా లక్షాధికారే. ఆ సంగతి ఆయనకెవరూ ఇంకా చెప్పలేదు. చెబితే ఆ డబ్బెక్కడుందో చూపించమంటాడని భయం కాబోలు.

ఇలాంటి చోట ఒక ఫ్లాట్ల కాలనీకి 2024 నవంబరులో, రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే పెట్టినప్పుడు, ఒక టీచరమ్మ వెళ్లిందనుకోండి. చంకలో ఫారాల కట్ట. అందులో 75 ప్రశ్నలు. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు, పాపం ఒడిశా నుంచి వచ్చినవాడు, "కౌన్‌సా ఫ్లాట్, మేడమ్?" అన్నాడు.

"అన్ని ఫ్లాట్లూ బాబూ" అంది.

వాడి ట్యాబులో 'అన్నీ' అనే మీట లేదు. డెలివరీ ఉంది, క్యాబ్ ఉంది, గెస్టు, పనిమనిషి, ప్లంబరు ఉన్నారు. ప్రభుత్వం లేదు. కిందికీ పైకీ వెతికి వెతికి, చివరికి 'పెస్ట్ కంట్రోల్' నొక్కాడు. ఫొటో తీశాడు, ఫోన్ నంబరు రాసుకున్నాడు, బ్యాగు తెరిపించి చూశాడు. వివరాలు రాసుకోవడానికి వచ్చినామె వివరాలన్నీ అలా నమోదయ్యాయి.

అసోసియేషన్ సెక్రటరీ గారు ఫోన్లో దొరికారు. "మా దగ్గర ప్రైవసీ ఇష్యూస్ ఉంటాయండీ మేడమ్. గ్రూపులో పెట్టి చెబుతా" అన్నారు. పెట్టారు. మన డేటా తీసుకుని వీళ్లేం చేస్తారని ఒకాయన గట్టిగా నిలదీశారు. ఆయనే మొన్న క్లబ్ హౌసులో ఉచిత హెల్త్ చెకప్ కూపన్ ఇస్తున్నారంటే వయసు, జీతం, రక్తం గ్రూపు, మామగారి షుగరుతో సహా రాసిచ్చి వచ్చారు. కులం అడగడమే అనాగరికం అని మరొకావిడ బాధపడ్డారు. ఆ పైన ఉన్న మెసేజీలోనే వాళ్లబ్బాయికి సంబంధం కావాలని, శాఖతో సహా ఆవిడే పెట్టి ఉన్నారు.

నిజానికి ఈ కాలనీ జనాభా లెక్కలు కావాలంటే సెల్లారులో, మెట్ల పక్కన ఇస్త్రీ పెట్టె పెట్టుకున్నాయన్ని అడగాలి. మూటలో పంచెలు, నేత చీరలు కనిపించాయంటే ఊరి నుంచి పెద్దవాళ్లు దిగారని ఆయనకి తెలుసు. అవి హఠాత్తుగా ఆగిపోతే కూతురి పురిటికి డల్లాస్ విమానం ఎక్కారని తెలుసు. బి టవర్లో ఒకింటి నుంచి వారానికి పది ఫార్మల్ చొక్కాలు వచ్చేవి, రెండు నెలల నుంచి ఒకటీ రావడం లేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంట్లోవాళ్ల మాట. కానీ ఆ సారే పొద్దున పదకొండింటికి పిల్లాడి యూనిఫాం పట్టుకుని స్వయంగా దిగుతున్నారు, జతకి రెండు రూపాయలు తగ్గించమంటున్నారు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇంతకంటే స్పష్టంగా ఏ తహసీల్దారూ ఇవ్వలేడు. ఈఎంఐ మాత్రం అలాగే ఉంది. అది ఇస్త్రీకి రాదు.

ఒక ఆదివారం పదకొండు నుంచి పన్నెండు దాకా, సర్వీస్ లిఫ్టులో వెళ్లే షరతు మీద, టీచరమ్మకి అనుమతి దొరికింది. తలుపు తీసింది పనిమనిషి. సార్ నిద్ర లేవలేదు, మేడమ్ జుంబాకి వెళ్లారు. ఎంతమంది ఉంటారు, ఎవరు ఎక్కడున్నారు, కార్లెన్ని, ఫ్రిజ్జులెన్ని, అన్నీ గడగడా చెప్పేసింది. అప్పులెన్ని అని అడిగితే లోపలికోసారి చూసి, వేళ్లు మడిచి చూపించింది.

"మరి మీ ఇంట్లో సర్వే అయిందామ్మా?"

"లేదక్కా. పుప్పాలగూడలో రేకులిల్లు మాది. వచ్చారట, తాళం ఉందని పోయారట. నేనిక్కడున్నా గదా."

2025 ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. 3.54 కోట్ల మంది లెక్కకి అందారు, 16 లక్షల మంది అందలేదు. మా వివరాలు చెప్పం పొమ్మన్న పెద్దమనుషులూ, పనికి పోయి తాళంగా మిగిలినవాళ్లూ అందులో ఒకే గడిలో కూర్చున్నారు. ఈ రెండు వర్గాలకీ మరెక్కడా అంత సమానత్వం దొరకదు. మిగిలినవాళ్ల కోసం ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా ఇంకో అవకాశం ఇచ్చారు. దానికోసం ఆ పనిమనిషి సెలవడిగింది. 'మెయిడ్స్ మరీ చెప్పాపెట్టకుండా మానేస్తున్నారు' అని ఆ రాత్రి గ్రూపులో పెద్ద చర్చ.

ఇక కేంద్రం వారి జనగణన. ఇళ్ల లెక్కలో 33 ప్రశ్నలు. అందులో ద్విచక్రవాహనం ఉందా అనే ప్రశ్నకి సైకిలూ కలుస్తుంది. ఈ కాలనీలో సైకిళ్లకేం కొదవ, ఒక్కోదాని ఖరీదుకి రెండు మోటారు సైకిళ్లొస్తాయి. ఇంట్లో ప్రధానంగా తినే ధాన్యం ఏమిటని కూడా అడుగుతున్నారు. అయ్యగారు కొర్రలంటారు, అమ్మగారు కినోవా అంటారు, అబ్బాయి నూడుల్స్ ధాన్యమేనా అని ఎదురడుగుతాడు. రాత్రి పదకొండింటికి అందరూ తినేది ఆవకాయన్నం. గేటు దగ్గర ఎవరితోనూ పేచీ లేకుండా ఈసారి ఆన్‌లైన్లో ఎవరి వివరాలు వారే నింపుకోవచ్చట. బియ్యం బస్తా ఎన్నాళ్లకి అయిపోతుందో ఆ ఇంట్లో వంటామెకొక్కదానికే తెలుసు. ఓటీపీ అయ్యగారి ఫోనుకొస్తుంది.