గ్రామసింహానికి బందెలదొడ్డి ఏదీ?

విజయనగరం జిల్లా భోగాపురంలో హైవే పక్కన ఒక టిఫిను బండి ఉంది. దాని కింద ఒక గ్రామసింహం పడుకుని ఉంటుంది. గోధుమ రంగు, సగం చిరిగిన చెవి. ఆ చెవిని చూసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి గుర్తుగా చెవి కత్తిరించిన కుక్క కాబోలని పొరబడకండి. సర్కారు కత్తెర నీటుగా పడుతుంది. ఇదేదో పాత సరిహద్దు తగాదాలో పోయిన చెవి.

దానికి పదడుగుల పైన ఒక బోర్డు, విమానాశ్రయానికి దారి చూపిస్తూ. ఈ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఒక్కటి చాలదేమోనని 2023 మే 3న ఇంకో ముఖ్యమంత్రి మరొకటి చేశారు. రెండు రాళ్ల బలం మీద 2026 జనవరి 4న పరీక్షా విమానం దిగనే దిగింది. 3,800 మీటర్ల రన్‌వే. తొలి దశలోనే ఏటా 60 లక్షల మంది ప్రయాణికులకు చోటు. విమానం ఎక్కడ దిగాలి, ఎక్కడ మలుపు తిరగాలి, ఎక్కడ నిద్రపోవాలి, అన్నిటికీ ప్లాను గీశారు. కుక్క ఎక్కడ నిద్రపోవాలో గీసినవాడు లేడు. అందుకే అది టిఫిను బండి కింద, తన ప్లాను తనే గీసుకుని పడుకుంది.

మొన్న అదే సింహం ముక్కాం నుంచి నెత్తళ్ళు తెచ్చి అమ్మే పెద్దమ్మ పిక్క పట్టుకుంది.

"కరిసీసింది బావూ," అంది పెద్దమ్మ, చీర అంచు ఎత్తి చూపిస్తూ. "రోజూ నా తట్ట ఎనకాలే వచ్చీదే. దానికేటైందో ఏటో."

సబ్బుతో కాలు కడిగించి, ఆస్పత్రిలో మొదటి సూది వేయించి, అక్కణ్ణుంచి ఒక ఆఫీసుకి తీసుకెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. చెబితే, తమది కాదని మిగతా ఆఫీసులు సంతోషిస్తాయి. ఆ సంతోషం వాళ్లకెందుకివ్వాలి?

"కుక్క ఎవరిదండీ?" అనడిగాడు కంప్యూటరు ముందున్న అబ్బాయి.

"ఎవరిదీ కాదు. వీధి కుక్క."

"ఎవరిదీ కాకపోతే నోటీసు ఎవరికిమ్మంటారు?"

న్యాయమైన ప్రశ్నే. తెర మీద ఫిర్యాదు రకాలు వరసగా ఉన్నాయి: తాగునీరు, వీధి దీపాలు, పారిశుద్ధ్యం, రోడ్లు. అన్నిటికీ అట్టడుగున 'ఇతరములు'. ఆ అబ్బాయి చాలాసేపు ఆలోచించి కుక్కని 'ఇతరములు'లో పడేశాడు. ఇన్నాళ్లకి మా ఊరి కుక్కకి ప్రభుత్వం చూపించిన మొదటి షెల్టరు అదే. నీడ ఉంది, కరెంటుంది, ఎవరూ వచ్చి విడిపించరు.

ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ఒక ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి నవ్వాడు. "మా సిన్నప్పుడు గేదె సేలో పడితే బందెలదొడ్డికి తోలీసీవోరు. గేదె గలవోడు లబలబలాడుతూ వచ్చి డబ్బులు కట్టి ఇడిపించుకునీవోడు. ఇప్పుడు దొడ్డీ లేదు, గేదె గలవోడూ లేడు."

ముసలాయన చెప్పింది అక్షరాలా చట్టం. పశువుల అతిక్రమణ చట్టం, 1871. తెల్లదొర రాసిన ఆ చట్టంలో బందెలదొడ్డి పద్దు ఎంత చక్కగా కుదిరిందో చూడండి. పొలంలో పడ్డ పశువుని దొడ్డికి తోలాలి. సొంతదారు వచ్చి రుసుమూ మేత ఖర్చూ కట్టి తోలుకుపోవాలి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసు స్టేషనుకి కబురు, నోటీసు, మరో ఏడు రోజులు, ఆ తర్వాత వేలం. వేలం డబ్బులోంచి దొడ్డి ఖర్చు రాబట్టుకోవడం. పన్ను చెల్లించేవాడి జేబులోంచి పైసా కదలకుండా ఊరు బాగుపడే ఏర్పాటు.

ఇందులో 'పశువు' అంటే ఏమిటో కూడా ఆ చట్టం ఓపిగ్గా జాబితా రాసింది. గేదె ఉంది. గుర్రం ఉంది, గాడిద ఉంది, మేకపిల్ల ఉంది, పంది ఉంది. ఒంటె ఉంది. ఏనుగు కూడా ఉంది. రేపు భోగాపురం బీచిలో ఏనుగు దారి తప్పితే ఏం చెయ్యాలో నూట యాభై ఏళ్ల నాడే తేల్చేశారు. కుక్క మాత్రం జాబితాలో లేదు. దొర మరిచిపోయి కాదు. కుక్కని దొడ్డిలో పెడితే విడిపించుకునేవాడు రాడు, వేలంలో కొనేవాడు ఉండడు. రాబడి లేని జంతువుని దొర పశువుగా గుర్తించలేదు.

ఇక మన స్వరాజ్యపు చట్టం. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కల బాధ్యత స్థానిక సంస్థది. కుక్కని పట్టాలి, ఆపరేషన్ చేయించాలి, రేబీస్ టీకా వేయించాలి, ఆపరేషన్ అయ్యాక కనీసం నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉండాలి, పట్టిన చోటే తెచ్చి వదలాలి. అంటే పోను రాను వ్యాను చార్జీ, వైద్యం, నాలుగు రోజుల లాడ్జి, భోజనం. ఇదంతా కలిపి యానిమల్ వెల్ఫేర్ బోర్డు వేసిన లెక్క కుక్కకి 1,650 రూపాయలు. అందులో పట్టుకొచ్చి దించడానికి 200, మిగతా పనికి 1,450.

మా ఒక్క వీధిలో నేను వేళ్ల మీద లెక్కబెట్టినవి పదకొండు. అంటే 18,150 రూపాయలు. కాకపోతే పదకొండు కుక్కల కోసం ఆపరేషన్ థియేటరు కట్టరు, డాక్టరుని పెట్టరు. కార్పొరేషన్ అయితే టెండరు పిలుస్తుంది. పంచాయతీ పిలిస్తే టెండరు కాగితం తినడానికి కూడా కుక్క రాదు. పోనీ పాతిక కిలోమీటర్ల దూరంలో విజయనగరం ఉంది కదా, అక్కడికి పంపిద్దామంటే, 200 రూపాయల్లో వ్యాను వెళ్లొచ్చే బేరం కుదరదు.

అయితే డబ్బు ఏ పద్దులోంచి తియ్యాలి? 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడేసింది. కుక్క తాగునీరా, పారిశుద్ధ్యమా? కరెంటు స్తంభం దగ్గర అది చేసే పనిని బట్టి చూస్తే కొంత నీరు, కొంత పారిశుద్ధ్యం. కానీ ఆడిటు వాళ్లకి ఆ వాదన ఎక్కదు. మిగిలిన 40 శాతం ఊరి అవసరాలకి వాడుకోవచ్చంది గానీ జీతాలకి వాడకూడదంది. కుక్కని పట్టేవాడు జీతం లేకుండా పడతాడా? వలా వ్యానూ కొనొచ్చు, పట్టే చేతులు కొనకూడదు. వల గోడకి తగిలించి ఉంటే కుక్కలే వచ్చి పడతాయని కాబోలు.

ఇలా పద్దు తేలక మనం తంటాలు పడుతుంటే సుప్రీంకోర్టు రంగంలోకి దిగింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. పదకొండు రోజులు తిరిగేసరికి, ఆగస్టు 22న, ఆపరేషనూ టీకా అయ్యాక ఎక్కడివక్కడే వదలమంది. రేబీస్ ఉన్నవీ మీద పడి కరిచేవీ మాత్రం దీనికి మినహాయింపు. మీ మీ రాష్ట్రాల్లో ఏం చేశారో చెప్పండని అందరినీ అడిగితే, అక్టోబరు చివరికి అఫిడవిట్ వేసినవి పశ్చిమ బెంగాల్, తెలంగాణ, ఢిల్లీ కార్పొరేషన్ మాత్రమే. మిగతా ప్రధాన కార్యదర్శులందరూ స్వయంగా రండన్నారు. మన ఆంధ్రప్రదేశ్ వాళ్లూ ఆ మిగతాలోనే. వీధి కుక్క కోసం రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులు ఢిల్లీ దాకా నడిచిన రోజది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కుక్కకి ఇంత ప్రోటోకాలు మహాభారతం తర్వాత ఇదే.

నవంబరు 7న ఇంకో ఉత్తర్వు. బడి, ఆస్పత్రి, బస్టాండు, రైల్వే స్టేషను, ఆటస్థలం ఆవరణల్లో ఉన్న కుక్కలని తీసెయ్యాలి, మళ్లీ అక్కడికి వదలకూడదు. దాంతో కుక్కల్లో రెండు కులాలు పుట్టాయి. బడి గోడకి ఇవతలి కుక్క ఆపరేషన్ చేయించుకుని ఇంటికొస్తుంది. అవతలి కుక్కకి జీవితాంతం షెల్టరు, మూడు పూటలా కూడు. మధ్యలో గోడ. మన బళ్లలో ఆ గోడ సగం కూలి ఉంటుంది. కుక్క ఏ వైపు తల పెట్టి పడుకుందో చూసి పద్దు రాసుకోవాలి.

ఇంత గొడవెందుకు, చవగ్గా తేల్చేద్దామనుకున్న ఊళ్లూ ఉన్నాయి. 2026 జనవరిలో తెలంగాణలో, హనుమకొండ, కామారెడ్డి జిల్లాల్లో, వందలాది కుక్కలని విషపు సూదులతో చంపించారని సర్పంచుల మీద పోలీసు కేసులు పడ్డాయి. కుక్కల బెడద లేకుండా చేస్తామన్నది ఎన్నికల వాగ్దానమట. మన దేశంలో గెలిచిన నెలలోనే నిలబెట్టుకున్న వాగ్దానం వినడం అరుదు. విన్నది ఇదొక్కటే. అలాగని ఆ ఓటు వేసినవాళ్లని నవ్వెయ్యలేం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి కుక్కలు చంపేసిన వీడియో చూసిన తల్లి ఎవరైనా, ముందు బిడ్డ, తర్వాతే నిబంధన అంటుంది. పద్దు తేల్చని ఆఫీసు కుక్కనీ కాపాడలేదు, బిడ్డనీ కాపాడలేదు.

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. వాడి కుక్క కంచె దూకి పారిపోతే పట్టి దొడ్డిలో పెట్టారట. "మామయ్యా, రుసుము, రోజుకింతని కూడు ఖర్చు, టీకా ఖర్చు, మెళ్లో బిళ్ల లేదని జరిమానా. నేను దిగే మోటెల్ కూడా ఇంత తియ్యదు," అని వాపోయాడు. అక్కడ చిన్న ఊళ్లు సొంత దొడ్డి కట్టుకోవు. జిల్లా షెల్టరుతోనో పక్క ఊరితోనో ఒప్పందం రాసుకుంటాయి, తలకింతని గానీ ఏడాదికింతని గానీ. గడువులోగా సొంతదారు రాకపోతే దత్తత, అదీ కుదరకపోతే మత్తు సూది. అదేం స్వర్గం కాదు. కానీ ఎవరి కుక్కకి ఎవరు కట్టాలో కాగితం మీద ఉంది. అచ్చం మన 1871 బందెలదొడ్డే, అమెరికా వెళ్లి కోటు వేసుకుంది.

మనకీ అలా భోగాపురం, నెల్లిమర్ల, పూసపాటిరేగ కలిసి ఒక దొడ్డి, ఒక డాక్టరు, ఒక వ్యాను పెట్టుకుంటే? చెప్పడం తేలిక. మన ఇరుగుపొరుగు ఊళ్ల మధ్య ఇప్పుడు నడిచే ఒప్పందం ఒకటే: అర్ధరాత్రి, దీపాలార్పిన వ్యాను, ఊరి పొలిమేర. వాళ్ల కుక్క మనకి, మన కుక్క వాళ్లకి. రుసుము లేదు, రసీదు లేదు. పొద్దున్నే రెండు ఊళ్లలోనూ కుక్కల లెక్క సరిపోతుంది, కాకపోతే మొహాలు కొత్తవి.

విమానాశ్రయం వచ్చింది కాబట్టి ఇంకో చట్టం కూడా మనింటికొచ్చింది. 1937 నాటి విమాన నిబంధనల్లో 91వది. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు, పక్షులూ జంతువులూ చేరేలా చెత్తా మాంసపు వ్యర్థాలూ పారెయ్యకూడదు. ఆదివారం సాయంత్రం ఏ చికెన్ దుకాణం వెనక్కైనా వెళ్లి చూడండి. డ్రమ్ము పొంగి ఉంటుంది, చుట్టూ సభ తీరి ఉంటుంది. కుక్కలకి పెట్టే పద్దు లేదని ఏడుస్తున్నాం గానీ, వాటికి వారం వారం విందు పెట్టే ఏర్పాటు మాత్రం ఎక్కడా ఆగదు. దానికి టెండరు అక్కర్లేదు. డ్రమ్ముకి మూత పెడితే సగం కుక్కలకి షెల్టరు వెతికే పనే ఉండదు. కానీ మూత కొనడానికీ పద్దు కావాలి.

పద్దు అసలు లేదనడం తప్పు. ఒకటుంది. ఆస్పత్రిలో కుక్కకాటు రిజిస్టరు. కరవక ముందు కుక్కకి వెయ్యాల్సిన సూదికి డబ్బు లేదు. కరిచాక మనిషికి వేసే సూదికి ఉంది. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగు విడతలు, నాలుగు పూటలు.

ఏడో రోజు పెద్దమ్మని బండి మీద దింపుతూ అడిగాను, ఎంత నష్టపోయావని.

"సూది ఊరికే ఏసినారు గానీ బావూ, యాపారం పోనాది. నాలుగు దినాలు తట్ట ఎత్తకపోతే ఎవులిస్తారు? నెత్తళ్ళు ఆగుతాయేటి?"

వందేళ్లు దాటిన బందెలదొడ్డి చట్టానికి జవాబు దొరికింది. కుక్క రుసుము కట్టేవాడు లేడని ఎవరన్నారు? తట్ట దించి, వరసలో నిలబడి, చెయ్యి చాపి పెద్దమ్మ కడుతోంది.

టిఫిను బండి దగ్గర దిగింది. సగం చెవి సింహం లేచి ఒళ్లు విరుచుకుని, తోకాడిస్తూ వచ్చింది. పెద్దమ్మ దాన్ని ఒక బూతు తిట్టి, కొంగు ముడిలోంచి రెండు చేప తలకాయలు తీసి విసిరింది.

"కరిచినదానికి పెడతావేం పెద్దమ్మా?"

"నోరు లేంది. నాను కాపోతే ఎవులెడతారు బావూ దానికి?"

గట్టిగా అనొద్దని సైగ చేశాను. ఎవరైనా వింటే కుక్క ఎవరిదో తేలిపోయిందని నోటీసు ఈవిడకే ఇస్తారు.