ఏనుగు తూకానికి, అంకుశం పీసు లెక్కకు

మా ఊరు తిరుమణిలో ఎటు చూసినా సోలార్ పలకలే. ఐదు ఊళ్ల పొలాల్లో 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన కౌలు. ఆ డబ్బుతో కొందరు ఇళ్లు కట్టారు, కొందరు పెళ్లిళ్లు చేశారు. నేను బెంగళూరు పీణ్యలో పాత హెచ్‌ఎంటీ మిల్లింగ్ మిషన్ కొన్నాను. తూకానికే ఇచ్చారు.

ఏనుగు తూకానికి దొరుకుతుంది. ప్రాణం తీసేది అంకుశమే.

మొదటి అంకుశం కరెంటు. మిషన్ అడిగేది మూడు ఫేజులు, మా ఇంటికొచ్చేది ఒకటి. నెత్తిమీద రెండు వేల మెగావాట్లు ఊరు దాటి పోతుంటే, కింద షెడ్డులో నేను చిన్న మోటారు బిగించి, ఒక ఫేజును మూడు చేసే వీఎఫ్‌డీ డబ్బా తెచ్చుకున్నాను. ఇంతకన్నా పనికొచ్చే సామాను లేదు. కాకపోతే నలుగురికీ చూపించి మురిసిపోవడానికి అందులో ఏమీ ఉండదు.

తర్వాత వైస్. వైస్ నేరుగా ఉందో లేదో చూడ్డానికి డయల్. డయల్ నిలబడ్డానికి మాగ్నెట్ స్టాండు. డయల్ రాకముందు మా వైస్ నిక్షేపంగా నేరుగానే ఉండేది. వైస్‌కు పట్టని వాటికి టీ-నట్లు, స్టడ్లు, మెట్ల దిమ్మలు. చిన్న కట్టర్లకు కొల్లెట్ చక్కు.

అసలు మజా డివైడింగ్ హెడ్‌లో ఉంది. హ్యాండిల్ నలభై చుట్లు తిప్పితే పట్టిన ముక్క ఒక్క చుట్టు తిరుగుతుంది. 13 పళ్ల గేరుకైతే పన్నుకు మూడు చుట్లు, ఆపైన 39 చిల్లుల వరసలో మూడు చిల్లులు. చిల్లుల లెక్క తప్పకుండా ప్లేటు మీద రెండు చేతులు అమర్చి పెట్టారు. సరిగ్గా ఏడో పన్ను దగ్గర “సంకటి చల్లారిపోతాది” అని వంటింట్లోంచి వచ్చే కేకకు మాత్రం ఏ కంపెనీ ఏదీ అమర్చలేదు. అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ 1862లో యూనివర్సల్ మిల్లింగ్ మిషన్ చేసింది డ్రిల్లులకు మెలికల గాడి కోయడానికి. నేను కోసేది చెనక్కాయ గొర్రుకు గేరు.

మా బావ వచ్చి డయల్ ముల్లును కాసేపు తేరిపార చూశాడు.

“వెంట్రుకలో సగం కొలత ఎందుకు బావా? చెనక్కాయ డయల్ పెట్టి చూసుకొని మొలుస్తాదా?”

“పళ్లు సమంగా ఉంటే విత్తనం సమంగా పడతాది.”

“సరే, పడనీ. గొర్రు యాడ తోలేది? నీ పొలం పలకల కింద ఉంది కదా.”

ఆ మాటకు జవాబు లేకపోలేదు. పలకలు కడిగే బండికి చక్రాలు చేస్తాను. దానికి రోటరీ టేబుల్ కావాలి.