మా రోజుల్లో ఫోర్కులకి గాలి చేత్తో కొట్టేవాళ్ళం

ఒరే అబ్బాయ్, నీ కొత్త బండి చూశాను. బాగుంది, కాదనను. హ్యాండిల్ మీద మీట నొక్కితే ముందు ఫోర్కులు మెత్తబడతాయని, ఇంకోసారి నొక్కితే బిగుసుకుంటాయని మురిసిపోతూ చూపించావు. లోపల ఏం మారిందిరా అని అడిగితే తెరమీద బొమ్మ చూపించావు. హెల్మెట్ పెట్టుకున్న ఇద్దరు, పక్కన ఒక సూట్‌కేసు. బొమ్మలు నాకూ అర్థమవుతాయి నాయనా. నేనడిగింది ఫోర్కు గొట్టం లోపలి సంగతి. అది నీకు తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరం లేకుండా చేశారు. నా బాధంతా అదే.

నా బండి 1980 గోల్డ్‌వింగ్, జీఎల్ 1100. మేం ఒహాయోలో కొలంబస్‌లో ఉండేవాళ్ళం. అప్పట్లో అక్కడ తెలుగు మాట వినబడితే కారాపి మరీ పలకరించి, భోజనానికి రమ్మని పిలిచి, చిరునామా రాసిచ్చి వచ్చేవాళ్ళం. ఇప్పుడు కిరాణా కొట్లో ఎటు తిరిగినా తెలుగు వినబడుతుంది, ఎవరూ తలెత్తి చూడరు. సరే, ఆ గొడవ వేరే. కొలంబస్‌కి వాయవ్యంగా, గంటలోపు ప్రయాణంలో మేరీస్‌విల్ ఉంది. హోండా వాళ్ళు 1979లో అక్కడ మోటార్‌సైకిళ్ళ కర్మాగారం తెరిచి, మరుసటి ఏడాదే గోల్డ్‌వింగులు బిగించడం మొదలెట్టారు. నా బండి అక్కడ పుట్టిందే. 2009లో ఆ కర్మాగారాన్ని మూసేశారు. ఆ రోడ్డున వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ బండి ముందు ఫోర్కుల్లో స్ప్రింగులూ ఉంటాయి, ఆయిలూ ఉంటుంది, ఆ పైన మిగిలిన ఖాళీలో మనం కొట్టే గాలీ ఉంటుంది. అంతకు ముందు తెనాలిలో మా బాబాయి బుల్లెట్‌కి ఈ గాలి గొడవ లేదు. స్ప్రింగు, ఆయిలు, అంతే. మెకానిక్ ముందు బ్రేకు పట్టుకుని, హ్యాండిల్ మీద బరువంతా వేసి రెండుసార్లు నొక్కి వదిలేవాడు. పైకి లేచే తీరు చూసి ఆయిల్ పల్చబడిందో, సీలు పోయిందో చెప్పేవాడు. కంప్యూటర్ తగిలించడాలు లేవు. టీ తాగుతూ చెప్పేవాడు.

గాలి ఎందుకంటావా? స్ప్రింగు ఎంత నొక్కితే అంతే ఎదురు తిరుగుతుంది, మొదట్లోనూ చివర్లోనూ ఒకే లెక్క. గాలి అలా కాదు. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కి చూడు. సగం దాకా సులువుగా దిగి, ఆ తరవాత మొండికేస్తుంది. ఫోర్కులో గాలీ అంతే. చిన్న గతుకుకి మెత్తగా ఇస్తుంది, గట్టిగా బ్రేకు వేసి ముక్కు కిందికి దిగేటప్పుడు ఆపుతుంది. ఆయిల్ ఎక్కువ పోస్తే గాలికి చోటు తగ్గి, ఆ మొండితనం ఇంకా ముందే మొదలవుతుంది. అందుకే గాలి సంగతి తేలాలంటే ముందు ఆయిల్ మట్టం సరిగ్గా ఉండాలి, రెండు ఫోర్కు కాళ్ళలోనూ సమానంగా ఉండాలి. ఆ రోజుల్లో హోండా వాళ్ళు కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలే ఫోర్కుల్లో పొయ్యమన్నారు. ఏ కొట్లో చూసినా దొరికేది. ఇప్పుడు ఒక్కో ఫోర్కుకి ఒక్కో రంగు సీసా, ఒక్కో ధర.

ఇక గాలి పెట్టడం. ఇక్కడ కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని విను. పొద్దున్నే, బండి తీయకముందు, ఫోర్కులు చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం నేలకి తగలకుండా లేపాలి. చక్రం నేలమీద ఉంటే బండి బరువుకి లోపలి గాలి నొక్కుకుపోయి గేజి అబద్ధం చెబుతుంది. కంప్రెసర్ జోలికి పోకూడదు. టైరులో లీటర్ల కొద్దీ గాలి పడుతుంది, ఫోర్కులో గాలికుండే చోటు గ్లాసుడు. పెట్రోల్ బంకులో గొట్టం తగిలించి రెప్ప వేసేలోపు సీలు చిత్తవుతుంది, ఆయిల్ బ్రేకు డిస్కు మీదికి కారుతుంది. చిన్న చేతి పంపుతో నింపాదిగా కొట్టాలి, కావలసిన దానికంటే కాస్త ఎక్కువగా. తరవాత గేజి చూసుకుంటూ కొద్దికొద్దిగా వదలాలి.

గేజి కూడా ముప్పై పౌండ్ల లోపుది కావాలి. వంద దాకా చూపించే టైరు గేజి మీద 12కీ 15కీ తేడా ఏం తెలుస్తుంది? పైగా ఆ గేజి పెట్టిన ప్రతిసారీ కొంత గాలి అందులోకి పోతుంది. టైరుకి అది లెక్కలోది కాదు గానీ, ఫోర్కుకి రెండు మూడు పౌండ్లు తేడా వస్తుంది. చూసినకొద్దీ తగ్గుతుందన్నమాట. పంపు గొట్టం ఊడదీసేటప్పుడు చుస్సుమంటే మాత్రం బెంగపడక్కర్లేదు, అది చాలావరకు గొట్టంలోని గాలే. ఈ తేడా చేతికి తెలియడానికి నాకు కొన్ని శనివారాలు పట్టింది. ఆ శనివారాలు నాకు దండగ అనిపించలేదు. మీ వాళ్ళకి శనివారమంటే ఫోను ఛార్జింగ్ పెట్టుకునే రోజు.

గోల్డ్‌వింగ్‌లో రెండు ఫోర్కులనీ ఒక గొట్టంతో కలిపారు, వాల్వు ఒక్కటే. పక్కింటాయనకి యమహా ఎక్స్ఎస్ 1100 ఉండేది, దానికి వాల్వులు రెండు. ఎడమకీ కుడికీ తేడా 1.4 పౌండ్లు దాటకూడదని యమహా మాన్యువల్‌లోనే రాశారు. ఒకవైపు సరిచేస్తే రెండోవైపు మళ్ళీ చూడాలి, చూస్తే తగ్గుతుంది, తగ్గితే కొట్టాలి. మేమిద్దరం గ్యారేజీలో కూర్చుని ఆ పని చేస్తుంటే మా ఆవిడ ఫిల్టర్ కాఫీ తెచ్చేది. ఆ అమెరికా ఆయన గ్లాసు అంచు పట్టుకోవడం నేర్చుకున్నది అక్కడే.

వాతావరణం లెక్క కూడా మనమే వేసుకోవాలి. ఒహాయోలో ఏప్రిల్ పొద్దున సున్నా డిగ్రీల్లో 15 పెట్టావనుకో, ఎండ ముదిరి 30 డిగ్రీలకి చేరితే అదే గాలి 18 దాటుతుంది. నేనొక్కణ్ణే వెళ్తే 15, వెనక మా ఆవిడా పెట్టెల్లో సామానూ ఉంటే ఇంకో మూడు. బండి ఎక్కేముందే ఎవరు వస్తున్నారో, ఎంత మోస్తున్నామో, ఎండెంతో ఆలోచించుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ ఆలోచన బండి చేస్తోంది.

ఈ చెడు ఎక్కడ మొదలైందో నాకు బాగా తెలుసు. 1982లో అదే గోల్డ్‌వింగ్‌కి యాస్పెన్‌కేడ్ అని ఒక రకం తెచ్చి, బండి మీదే కంప్రెసర్ బిగించారు. మీట నొక్కితే గాలి ఎక్కుతుంది, ఇంకో మీట నొక్కితే దిగుతుంది. జనం ఎగబడి కొన్నారు. నీ బండి మీదున్న మీటకి తాతముత్తాత అదే. ఆ రోజే అన్నాను, ఇక చేతి పంపు పట్టేవాడుండడని.

మా ఆఫీసులో ఒక ఇంగ్లీషు పెద్దాయన ఉండేవాడు. కుర్రతనంలో పాంథర్ మోటార్‌సైకిల్ నడిపాడు. విమానాల చక్రాల కాళ్ళు తయారుచేసే డౌటీ కంపెనీ ఫోర్కులు ఆ బండికి ఉండేవి. 1940ల చివరి మాట. అందులో స్ప్రింగే లేదు, బరువంతా గాలి మీదే. సీలు పోతే బండి ముందుకి కూలబడేది. గాలిని నమ్ముకున్నవాడు నడిచి ఇంటికి పోతాడని, స్ప్రింగు ఒక్కటే మగతనమున్న వస్తువని నా గోల్డ్‌వింగ్ చుట్టూ తిరుగుతూ సణిగేవాడు. ఇప్పుడు నేను మాట్లాడుతుంటే అచ్చం ఆయన్ని విన్నట్టుందని మా ఆవిడ అంటుంది. పోలిక ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆయనకీ నాకూ కనీసం సీలు విప్పి బిగించడం వచ్చు.

నీ బండి గతుకుల్లో నా దానికంటే బాగా నడుస్తుందనీ ఒప్పుకుంటాను. గాలి ఒత్తిడి సీలు పెదవిని గొట్టానికి అదిమి పెడుతుంది, అందువల్ల చిన్న గతుకులకి మా ఫోర్కులు పట్టేసేవి. అయినా మోటోక్రాస్ వాళ్ళని చూడు. 2013లో హోండా సీఆర్ఎఫ్ 450కి గాలి ఫోర్కు పెట్టి, 2017లో మళ్ళీ స్ప్రింగుకే వచ్చారు. కేటీఎం వాళ్ళు సరిగ్గా ఆ ఏడాదే గాలికి వెళ్ళారు. గాలి అంత తేలిగ్గా పోయే సరుకు కాదు.

కాబట్టి వచ్చే శనివారం రా. గోల్డ్‌వింగ్ ఆయిల్ మార్చేది ఉంది. స్ప్రింగులు తీసి, ఫోర్కులు పూర్తిగా కిందికి నొక్కి, స్కేలు పెట్టి మట్టం నువ్వే కొలుద్దువుగాని. మరకైతే పోని బట్టలు వేసుకోకు. ఎనిమిదింటికల్లా రావాలి, ఎండెక్కాక వస్తే ఆ రోజుకి గాలి పని లేదు.